జైలు గోడ పద్యం, సినిమా పాట: మానుకోట బిడ్డ దాశరథి

మన పల్లెల్లో నాట్ల కాడ, కలుపుల కాడ పాత సినిమా పాటలు పాడే తల్లులు ఇంకా ఉన్నారు. 1964లో వచ్చిన 'మూగ మనసులు' సినిమాలో జమున మీద తీసిన గోదావరి పాట అట్లాంటి వాటిలో ఒకటి. వింటే ఏ రాజోలు కవో, కొవ్వూరు కవో రాశాడనుకుంటాం. కాదు. రాసినాయన మన మానుకోట కాడి చినగూడూరు మనిషి. నిజాం జైల్లో బొగ్గుముక్కతో గోడ మీద పద్యం రాసిన దాశరథి కృష్ణమాచార్య.

రైతు కూలీల సంగతులు రాసే ఈ శీర్షికలో సినిమా కవి ఊసెందుకని మిత్రులు అడగవచ్చు. రైతాంగం నైజాం మీద తిరగబడిన రోజుల్లో ఆ కోపానికి పద్యం కట్టినవాడు ఆయన. ఆ తర్వాత మద్రాసు కంపెనీలకు ప్రేమ పాటలు రాసినవాడూ ఆయనే. ఒకదాన్ని చూసి మెచ్చుకున్నా, ఇంకోదాన్ని చూసి తిట్టినా సగం మనిషినే చూసినట్టవుతుంది.

1925 జులై 22న పుట్టాడు. తండ్రి సంస్కృత పండితుడు. ఇంట్లో సంస్కృతం, బడిలో ఉర్దూ. నైజాం ఏలుబడిలో తెలుగు బిడ్డ తెలుగులో చదువుకోవడమే గగనం. ఖమ్మంలో మెట్రిక్, తర్వాత ఉస్మానియాలో ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ. చదివాడు. పుస్తకాలు నేర్పింది ఇంత. గడీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ వెట్టి మనుషులు నేర్పింది ఇంకెంతో. ఆంధ్ర మహాసభను ఊళ్లలో జనం 'సంగం' అని పిలిచేవాళ్లు. ఆ సంగంలో చేరి ఊరూరా తిరిగాడు. 1944లో వరంగల్లు కోటలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభల కోసం వేసిన పందిరిని దుండగులు తగలబెడితే, ఆ బూడిద కాడనే కవిసమ్మేళనం జరిగింది. అక్కడ పద్యం చదివిన కుర్రాళ్లలో దాశరథి ఒకడు. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దొర గూండాల తుపాకీకి బలైన సంగతి మన పాఠకులకు చెప్పనక్కర లేదు. పాలకుర్తిలో ఐలమ్మ తన పంట కోసం నిలబడ్డది కూడా ఆ రోజుల్లోనే. ఊళ్లన్నీ కుతకుత ఉడుకుతున్న ఆ కాలంలో, 1947లో, దాశరథిని పట్టుకుని వరంగల్లు జైలుకు, ఆపైన నిజామాబాదు జైలుకు పంపారు.

నిజామాబాదు జైల్లో తోడు దొరికినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. హోటల్లో సర్వరుగా చేసి, సొంతంగా చదువుకుని, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా అమ్మినవాడు. కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోను ఇచ్చిన బొగ్గే కలం, గోడే కాగితం. నిజామును ముసలి నక్కలా ఎండగడుతూ దాశరథి గోడ మీద పద్యం రాశాడు. జైలు వాళ్లు సున్నం కొట్టి తుడిచేశారు. మళ్లీ రాశారు. సున్నం కొడితే గోడ తెల్లబడుతుంది గాని, నోటికి వచ్చిన పద్యం ఎక్కడికి పోతుంది? తోటి ఖైదీలు దాన్ని కంఠస్థం చేసి బయటికి తెచ్చారు. తెలంగాణను రతనాల వీణతో పోల్చిన ఆయన మాట ఆ తర్వాత ప్రతి ఉద్యమంలోనూ జెండా అయింది.

మొదటి పుస్తకం 'అగ్నిధార' 1949లో అచ్చయింది. దాన్ని ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడు. రాజుకు కాదు, జమీందారుకు కాదు, హోటలు కార్మికుడిగా బతికిన జైలు మిత్రుడికి. దీన్ని మేం చిన్న సంగతిగా చూడటం లేదు.

దాశరథి కమ్యూనిస్టు పార్టీతో నడక మొదలుపెట్టినా తర్వాత ఆ దారి విడిచాడు. ఇది మనం దాచుకోవలసిన పని లేదు. పోలీసు చర్య తర్వాత పల్లెల్లో రైతు బిడ్డల మీద తుపాకులు పేలుతూనే ఉన్నాయి. కవికి బతుకుతెరువు వెతుకులాట మొదలైంది. బడి పంతులు, పంచాయతీ ఇన్‌స్పెక్టరు, ఆలిండియా రేడియోలో ప్రాంప్టరు. ఆ రేడియో కొలువే ఆయన్ని మద్రాసు చేర్చింది. సినిమా అక్కడ ఉంది.

మన ప్రాంతానికి సినిమా పాట కొత్త కాదు. 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు పాటలు రాసిన చందాల కేశవదాసుది జక్కేపల్లి. ఇప్పుడు ఖమ్మం జిల్లా, అప్పుడు వరంగల్లు జిల్లా. హరికథలు చెప్పి, నాటకాలు రాసిన మనిషి. అయితే ఆయన తర్వాత దారి మూసుకుపోయింది. కంపెనీలు మద్రాసులో, పెట్టుబడి కోస్తాలో. అక్కడి రచయితలకు మాత్రం తొలినాళ్లలోనే తమ రైతు గోడు తెరకెక్కించే వీలు చిక్కింది. గూడవల్లి రామబ్రహ్మం 1939లో తీసిన 'రైతుబిడ్డ'కు కొసరాజు పాటలు రాశాడు. జమీందార్లు భగ్గుమని దాన్ని ఆపించే దాకా పోయారు. ఇటు నైజాములో దొర మీద సినిమా తీయడం మాట అటుంచి, తెలుగులో సభ పెట్టుకోవాలన్నా పర్మిషను కావాలి. కేశవదాసు 1956లో కన్నుమూశాడు. మద్రాసు సినిమాలో మళ్లీ తెలంగాణ కవి నిలదొక్కుకోవడానికి 1961 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ ఏడు ఆత్రేయ దర్శకత్వంలో వచ్చిన 'వాగ్దానం'లో, ఆదుర్తి సుబ్బారావు తీసిన 'ఇద్దరు మిత్రులు'లో దాశరథి పాటలు వినిపించాయి. అదే 1961లో 'గాలిబ్ గీతాలు' అచ్చయింది. దాన్ని అక్కినేని నాగేశ్వరరావుకు అంకితమిచ్చాడు. పన్నెండేళ్లలో అంకితం జైలు మిత్రుడి నుంచి సినిమా హీరో కాడికి చేరింది. ఈ మార్పు మమ్మల్ని కలుక్కుమనిపిస్తుంది. కాని కవి కడుపు నింపే ఏర్పాటు ఈ సమాజం ఏం చేసింది? ఉద్యమంలో పాడి, జైలుకు పోయి వచ్చినవాడు రేడియో జీతం మీదా పాట కూలి మీదా బతికాడు. కూలి అన్నమాట కావాలనే వాడుతున్నాం. ట్యూను ఇస్తారు, సందర్భం చెబుతారు, కొలతకు తగ్గట్టు రాయాలి. రాసినదాని మీద పెత్తనం నిర్మాతది.

ఆ కొలతలోనే ఆయన ఒక పని చేశాడు. హైదరాబాదు బజార్లలో నలిగే ఉర్దూ మాటను తెలుగు పాటలోకి బేరుకు లేకుండా తెచ్చాడు. నైజాము రాజ్యాన్ని ఛీకొట్టినవాడు ఉర్దూ భాషను ఛీకొట్టలేదు. రాజు వేరు, భాష వేరని ఎరిగినవాడు. 'రంగులరాట్నం', 'ఆత్మగౌరవం', 'బుద్ధిమంతుడు', 'పూజ' సినిమాల్లో ఆయన పాటలు మనకు గుర్తే.

చేయలేని పని ఒకటుంది. తన ఊరి మాటను సినిమాలో పెట్టలేకపోయాడు. గోదావరి పల్లె పిల్ల నోట పాట పెట్టాడు గాని, చినగూడూరు కూలి పిల్ల నోట పెట్టే అవకాశం మద్రాసు ఇవ్వలేదు. మన మాట ఆ తెర మీద నవ్వించడానికో, రౌడీ పాత్రకో పనికొచ్చేది. ఆయన తమ్ముడు దాశరథి రంగాచార్య ఈ మాటనే 'చిల్లర దేవుళ్లు' నవలలోకి తెచ్చాడు, అది సినిమాగానూ వచ్చింది. 1980లో విడుదలైన 'మా భూమి'లో సుద్దాల హనుమంతు, బండి యాదగిరిల పాటలు పల్లె గొంతుతోనే తెర మీద మోగినప్పుడు మన ఊళ్ల జనం బండ్లు కట్టుకుని పోయి చూశారు. వాళ్లు పాట రాసింది ట్యూను కొలతకు కాదు, దళాల వెంట.

1974లో 'తిమిరంతో సమరం'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆస్థాన కవిని చేసింది. నవాబును ఎదిరించినవాడికి ఆస్థానమేమిటని అప్పట్లో గొణిగినవాళ్లున్నారు, వాళ్ల గొణుగుడులో న్యాయం లేకపోలేదు. 1983లో ప్రభుత్వం ఆ పదవినే ఎత్తివేసింది. ఎత్తివేసిన ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు, సినిమా నుంచి వచ్చినవాడే.

దాశరథి 1987 నవంబరు 5న చనిపోయాడు. తెలంగాణ వచ్చాక, 2015 నుంచి ప్రభుత్వం ఆయన పుట్టినరోజున ఆయన పేరుతో కవులకు బహుమతి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన పుట్టిన చినగూడూరు 2016లో ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రమైంది.