వాల్తేరు మిట్ట మీద కట్టమంచి వారి లెక్కలు

మా ద పాండ్స్ నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా దారిలో ఒక్క క్రేన్ అయినా కనిపిస్తుంది. మొన్న మా అమ్మాయిని యూనివర్సిటీ ఓపెన్ డేకి తీసుకెళ్ళాం. అక్కడా క్రేనే. ఈ బిల్డింగులకి డబ్బు ఎవరిస్తారమ్మా అని అడిగింది. ఫీజులు, ప్రభుత్వం, దాతలు, అప్పు అని నాకు తెలిసింది చెప్పాను. ఖర్చుకు యూనివర్సిటీ పాలకమండలి ఒప్పుకోవాలి, పెద్ద కట్టడమైతే ప్లానులు రాష్ట్ర ప్రణాళికా శాఖ దాకా వెళ్ళాలి, చుట్టుపక్కల వాళ్ళం అభ్యంతరాలు రాసి పంపుకోవచ్చు అని కూడా చెప్పాను. చెబుతుంటే విశాఖలో బీఎస్సీ రోజుల్లో చూసిన వాల్తేరు క్యాంపస్ కళ్ళ ముందు మెదిలింది. దాని వెనకున్న మనిషి గురించి మన పిల్లలకి బొత్తిగా తెలియదు. ఆయన కట్టమంచి రామలింగారెడ్డి గారు.

1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివారు, బరోడాలో, మైసూరులో పనిచేశారు. మైసూరు మహారాజా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు, అక్కడి విద్యాశాఖను నడిపారు. ఆ తర్వాత మద్రాసు రాజకీయాల్లోకి దిగారు. పెళ్ళి చేసుకోలేదు. తెలుగు చదివినవాళ్ళకి ఆయన ముసలమ్మ మరణం రాసిన కవిగా గుర్తుంటారు. ఊరి చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన కోడలి కథ అది. కట్ట నిలవాలంటే ఎవరో ఒకరు మూల్యం చెల్లించాలన్న సంగతి ఆయనకు చిన్న వయసులోనే పట్టుబడిందేమో అని నాకనిపిస్తుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్లును మద్రాసు శాసనమండలిలో పెట్టింది విద్యామంత్రి ఎ.పి. పాత్రో గారు. 1926లో విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైంది, రెడ్డి గారు తొలి వైస్ చాన్సలర్. అసలు చిక్కు అక్కడే ఉంది. అప్పటి ద్వంద్వ పాలనలో చదువుల శాఖ మన మంత్రి చేతిలో ఉండేది, ఖజానా మాత్రం గవర్నరు కౌన్సిల్ సభ్యుడి చేతిలో ఉండేది. విద్యామంత్రి సరేనంటే సరిపోదు, ఆర్థిక శాఖా ఒప్పుకోవాలి. మన ఇళ్ళల్లో వంటింటి మార్పుకి అత్తగారు ఊఁ అన్నా, డబ్బు మామగారి దగ్గర ఉన్నట్టు! పైగా ఆ గవర్నరే యూనివర్సిటీకి చాన్సలర్ కూడా.

ఊరి తగాదా ఇంకొకటి. బెజవాడ, రాజమండ్రి, అనంతపురం, విశాఖ, ఎవరికి వారు మాకే కావాలన్నారు. చోటు తేలనిదే పునాది తవ్వలేరు కదా. చివరికి 1930లో వాల్తేరుకు మారింది.

సరిగ్గా అప్పుడే, ఇక కట్టుకోవచ్చు అన్న సమయంలో, రెడ్డి గారు పదవి వదిలేశారు. ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా రాజీనామా ఇచ్చారు. ఏ ప్రభుత్వం దగ్గర గ్రాంటు కోసం చెయ్యి చాచాలో ఆ ప్రభుత్వం మొహం మీదే! ఆ కాగితం మీద సంతకం పెట్టిన రాత్రి ఆయనకు నిద్ర పట్టి ఉండదనే నేననుకుంటాను. తర్వాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. ఆయన హయాంలో యూనివర్సిటీ సొంతంగా పైచదువులు చెప్పడం మొదలుపెట్టింది.

ఇక్కడ జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారిని తలుచుకోవాలి. ఆయన ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఏటా అన్న మాట ముఖ్యం. బిల్డింగుకి ఒక్కసారి చందా ఇచ్చి శిలాఫలకం మీద పేరు చెక్కించుకునేవాళ్ళు దొరుకుతారు. ఆ తర్వాత లాబ్‌లో గ్యాసుకి, యాసిడ్‌కి, గాజు సామానుకి, మేష్టార్ల జీతాలకి ప్రతి సంవత్సరం ఎవరిస్తారు? బడ్జెట్‌లో కట్టడం ఖర్చు ఒక పద్దు, నడిపే ఖర్చు ఇంకో పద్దు. రెండోది లేకపోతే మొదటిది తాళం వేసిన గదే. కెమిస్ట్రీ లాబ్‌లో పగిలిన బ్యూరెట్‌కి డబ్బు కట్టిన నాలాంటివాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. సైన్సు, టెక్నాలజీ కాలేజీకి ఆ మహారాజు పేరే పెట్టారు, న్యాయంగానే.

1936లో రెడ్డి గారు మళ్ళీ వైస్ చాన్సలర్‌గా వచ్చారు, 1949 దాకా ఉన్నారు. 1941లో వచ్చిన ఎర్‌స్కిన్ కాలేజీకి మద్రాసు మాజీ గవర్నరు పేరు పెట్టారు. ఒకప్పుడు నిరసనగా వెళ్ళిపోయిన మనిషి ఇలా చేయడం కొందరికి రాజీగా కనిపిస్తుంది. నాకు మాత్రం కాలేజీ నిలవడానికి చేసిన పనిగానే కనిపిస్తుంది.

అంతలో యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అన్నేళ్ళు లెక్కలు కట్టి, అనుమతులు తెచ్చి, దాతల్ని ఒప్పించి లేపిన భవనాలు సైన్యానికి వెళ్ళిపోయాయి. యూనివర్సిటీ గుంటూరుకి తరలింది. అరవై దాటిన వయసులో అరువు చోట్లో మళ్ళీ తరగతులు నడిపించారు. 1946లో అందరూ తిరిగి వాల్తేరు వచ్చారు.

1951 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. డిసెంబరు సెలవుల్లో విశాఖ వెళ్తే అమ్మాయిని ఆ క్యాంపస్‌కి తీసుకెళ్ళాలని టికెట్లు చూస్తున్నాను. రేట్లు మాత్రం మండిపోతున్నాయి.