నొస్సము వారి పింఛను

పాళెగాని వృత్తి ఆయుధము. గ్రామములకు కావలి కాచుట, పిలుపు వచ్చినపుడు బంట్లతో యుద్ధమునకు నడచుట, అందుకు ప్రతిఫలముగా భూమి ననుభవించుట అతని బ్రతుకు. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీ కిచ్చిన పిమ్మట కలెక్టరు తామస్ మన్రో ఆ వృత్తినే మాన్పించి, పెక్కుమంది పాళెగాండ్రకు పింఛను లేర్పరచెను. (రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్నది ఈ మన్రో మీది ప్రేమతోనే!) పింఛను కలదు, పని లేదు. కత్తి పట్టిన వంశములకు అది తీరని కొరత.

నొస్సము పాళెగాండ్ర వంశీయుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ముట్టినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సము వారి పెద్ద పింఛను ఆగిపోయినపుడు అందులో కొంతయైనను తనకు వచ్చునని ఆశించెను. రాలేదు.

ఈ సొమ్ము కొరకే ఆయన తిరుగబడెననుట అన్యాయము. గ్రామములలో కావలి పనికై ఈనాము భూములు గల కట్టుబడివారుండిరి. కుంపిణీవారు ఆ ఈనాములను లాగుకొనసాగిరి. తరతరములుగా పనిచేసి తినినవారు దిక్కులేనివారై రెడ్డిని చేరిరి. ఆయన బలమంతయు వారే.

1846 జూలైలో వీరు, నాడు కడప జిల్లాలో చేరియుండిన కోవెలకుంట్లపై పడి ఖజానాను కొల్లగొట్టిరి. తహసీలుదారు హతుడయ్యెను. గిద్దలూరు ప్రాంతమునను, నల్లమల కొండలలోను కుంపిణీ సేనలు తరుమగా, రెడ్డి అక్టోబరులో పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో వేలకొలది జనుల యెదుట ఉరితీసిరి. ఆయన శిరస్సు 1877 వరకు అచ్చటి కోటలో వ్రేలాడుచునే యుండెను.