హక్కుల కావలి – కోకా సుబ్బారావు

ప్రజాస్వామ్య వ్యవస్థకు పౌరుల ప్రాథమిక హక్కులు ఆయువుపట్టు వంటివి. అయితే హక్కు రాజ్యాంగ గ్రంథంలో అక్షరరూపం దాల్చినంత మాత్రాన అది పౌరునికి దక్కినట్లు కాదు. స్వేచ్ఛ అనే మాటలో ఏమేమి ఇమిడి ఉన్నాయి, ప్రభుత్వం దానికి ఎంతవరకు హద్దులు గీయవచ్చు అనే ప్రశ్నలు నిత్యజీవితంలోని తగాదాల నుంచే పుడతాయి. కింది న్యాయస్థానంలో మొదలైన వ్యాజ్యం అప్పీలు రూపంలో ఒక్కొక్క మెట్టే ఎక్కి, ఉన్నత న్యాయస్థానంలోనో సర్వోన్నత న్యాయస్థానంలోనో తీర్పుగా పరిణమిస్తుంది. ఆ తీర్పు కక్షిదారులిద్దరితో ముగిసిపోదు. అటుపై దేశంలోని ప్రతి పౌరుని హక్కుకూ అదే కొలబద్ద అవుతుంది. ఈ సత్యాన్ని తన తీర్పుల ద్వారా లోకానికి చాటిన తెలుగు న్యాయమూర్తి కోకా సుబ్బారావు.

సుబ్బారావు 1902వ సంవత్సరం జూలై 15వ తేదీన గోదావరీతీరంలోని రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి న్యాయవాది. సుబ్బారావు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో పట్టభద్రులై, మద్రాసు న్యాయ కళాశాలలో న్యాయశాస్త్రం అభ్యసించారు. అనంతరం మద్రాసులో తన మామగారైన పి. వెంకటరమణారావు వద్ద వృత్తిలో చేరి మెలకువలు నేర్చుకున్నారు.

ఆయన న్యాయాధికారిగా తొలి అడుగులు వేసింది గుంటూరు మండలంలో. జిల్లా మున్సిఫుగా నియమితులై కొద్దికాలం బాపట్లలో పనిచేశారు. సివిల్ న్యాయవ్యవస్థలో మున్సిఫు కోర్టు మొదటి మెట్టు. బాపట్ల, తెనాలి, రేపల్లె ప్రాంతాలు కృష్ణా కాలువల నీటితో పండే మాగాణి సీమలు. పొలం గట్టు తగాదాలు, కాలువ నీటి తగాదాలు, అప్పు పత్రాలు, అన్నదమ్ముల పంపకాలు అక్కడి కోర్టులకు నిత్యం వచ్చే వ్యవహారాలు. చూడడానికి అవి చిన్నవే. కాని గట్టు పోగొట్టుకున్న రైతుకు ఆ వ్యాజ్యమే సర్వస్వం. మున్సిఫు తీర్పు నచ్చని కక్షిదారు పై కోర్టుకు అప్పీలు చేసుకోవాలి. అక్కడా ఓడితే మద్రాసు హైకోర్టే గతి. రేపల్లె రైతు తెనాలిలో రైలు మారి, బాపట్ల మీదుగా మద్రాసు చేరి, అక్కడ వకీలును కుదుర్చుకోవలసి వచ్చేది. అంతకు మించి పోదలచినవారికి సముద్రాల ఆవల లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఉండేది. అంత దూరం పోగలిగినవారు ధనవంతులు మాత్రమే.

దూరం ఒక్కటే అడ్డంకి కాదు. ప్రభుత్వాధికారి అన్యాయంగా ఉత్తర్వు చేస్తే దానిని రద్దు చేసే రిట్టు అధికారం ఆనాడు మద్రాసు హైకోర్టుకు ఉన్నా, అది దాదాపుగా మద్రాసు నగర సరిహద్దులలోనే చెల్లుబాటయ్యేది. పర్లాకిమిడి జమీందారీలోని రైతులు శిస్తు పెంపును సవాలు చేసిన వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ 1943లో ఈ సంగతినే నిర్ధారించింది. అధికారుల బోర్డు మద్రాసులో కొలువు తీరినప్పటికీ, రైతులూ వారి భూములూ నగరం వెలుపల ఉన్నందున హైకోర్టు కల్పించుకోజాలదని తేల్చింది. ఆ ఒక్క తీర్పుతో మద్రాసు నగరవాసికి ఉన్న రక్షణ పల్లెటూరి రైతుకు లేదని స్పష్టమైంది.

మామగారు హైకోర్టు న్యాయమూర్తి అయిన తరువాత సుబ్బారావు తన బావమరిది పి. వి. రాజమన్నార్‌తో కలసి మద్రాసులో న్యాయవాద వృత్తి సాగించి మంచి పేరు గడించారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు. మరి రెండేళ్లకు, 1950 జనవరి 26న, భారత రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ప్రివీ కౌన్సిల్‌కు అప్పీళ్లు అప్పటికే నిలిచిపోయాయి. 1937 నుంచి పనిచేసిన ఫెడరల్ కోర్టు స్థానంలో సర్వోన్నత న్యాయస్థానం ఏర్పడింది. రాజ్యాంగంలోని 226వ అధికరణం ప్రతి హైకోర్టుకూ తన పరిధిలోని భూభాగమంతటా రిట్టులు జారీ చేసే అధికారమిచ్చింది. ఆనాటి నుంచి రేపల్లె రైతుకూ మద్రాసు నగరవాసికీ హక్కు విషయంలో భేదం లేకుండా పోయింది. పాత చట్టాల నీడలో పెరిగిన న్యాయవాదులు ఎందరో ఈ మార్పును నెమ్మదిగా గ్రహించారు. సుబ్బారావు మాత్రం రాజ్యాంగం తెచ్చిన కొత్త బాధ్యతను మనసారా స్వీకరించారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. రాజధాని కర్నూలు కాగా, హైకోర్టు గుంటూరుకు దక్కింది. కొత్త హైకోర్టుకు కావలసిన ఏర్పాట్లు చేసే బాధ్యతను సుబ్బారావుకే అప్పగించారు. 1954 జూలై 5న గుంటూరులో హైకోర్టు ప్రారంభం కాగా, ఆయన తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఒకనాడు బాపట్లలో మున్సిఫుగా కూర్చున్న మనిషి, ఆ మండల కేంద్రంలోనే రాష్ట్రమంతటికీ అప్పీళ్లు వినే పీఠం అధిష్ఠించారు. తెనాలి, రేపల్లె కక్షిదారులకు మద్రాసు ప్రయాణం తప్పింది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో హైకోర్టు హైదరాబాదుకు తరలింది. ఆ హైకోర్టుకు కూడా సుబ్బారావే తొలి ప్రధాన న్యాయమూర్తి.

1958 జనవరిలో ఆయన సర్వోన్నత న్యాయస్థానం న్యాయమూర్తి అయ్యారు. ఆ సంవత్సరమే తెలుగునాటి వ్యాజ్యమొకటి ఆయన ముందుకు వచ్చింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులు నడుపుకొంటున్న గుల్లపల్లి నాగేశ్వరరావు తదితరులు, తమ మార్గాలను రోడ్డు రవాణా సంస్థ స్వాధీనం చేసుకునే పథకాన్ని ఎదిరించారు. వారి అభ్యంతరాలను విన్నది రవాణా వ్యవహారాలు చూసే ప్రభుత్వ కార్యదర్శి. నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. విన్నవారొకరు, నిర్ణయించినవారు మరొకరు అయితే ఆ విచారణ అర్థంలేని తంతు అవుతుందని సుబ్బారావు తీర్పు వ్రాశారు. పైగా ఆ శాఖాధిపతే విచారణ జరపడం నిష్పాక్షికత అనిపించుకోదన్నారు. సహజ న్యాయసూత్రాలను వివరించే సందర్భాలలో ఈ తీర్పు నేటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది.

ఆయన దూరదృష్టికి మకుటాయమానమైనది 1962 డిసెంబరు నాటి ఖరక్ సింగ్ వ్యాజ్యం. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌పై 1941లో దోపిడీ నేరం మోపి, సాక్ష్యం లేక విడిచిపెట్టారు. అయినా పోలీసులు అతని పేరిట హిస్టరీ షీటు తెరిచి నిఘా ఉంచారు. అర్ధరాత్రి ఇంటికి వచ్చి నిద్ర లేపేవారు. ఊరు విడిచి వెళ్లాలన్నా ముందుగా తెలియజేయవలసి వచ్చేది. అతడు సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. ధర్మాసనంలోని ఆరుగురిలో నలుగురు, రాత్రివేళ ఇంటికి రావడం మాత్రమే చెల్లదన్నారు. తక్కిన నిఘాను సమర్థించి, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదని తేల్చారు. సుబ్బారావు వారితో ఏకీభవించలేదు. న్యాయమూర్తి జె. సి. షా ఆయనతో నిలిచారు. కాళ్లకు సంకెళ్లు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్లు కాదనీ, నీడలా వెంటాడే నిఘా మనసుకు సంకెల వంటిదనీ, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ ఆయన వాదన. హక్కులు దేనికవి విడివిడి గదులు కావనీ, ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయనీ ఆయన భావించారు. ఆనాటికి అది ఓడిపోయిన పక్షం. అల్పసంఖ్యాక తీర్పుకు చట్టబలం ఉండదు.

1966 జూన్ 30న సుబ్బారావు భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించారు. ఆ పీఠమెక్కిన తొలి తెలుగువాడు ఆయనే. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 27న వెలువడిన గోలక్‌నాథ్ తీర్పు దేశాన్ని ఒక కుదుపు కుదిపింది. పంజాబులోని గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాలకు పైగా భూమి ఉండగా, రాష్ట్ర కౌలుచట్టం కింద అందులో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వం మిగులు భూమిగా ప్రకటించింది. అటువంటి చట్టాలను కోర్టులు కొట్టివేయకుండా పార్లమెంటు రాజ్యాంగాన్నే సవరించి రక్షణ కల్పించింది. ప్రాథమిక హక్కులను హరించే ఏ చట్టమూ చెల్లదని 13వ అధికరణం చెబుతున్నది. మరి రాజ్యాంగ సవరణ కూడా చట్టమేనా? కాదని సర్వోన్నత న్యాయస్థానం 1951లోనూ 1964లోనూ చెప్పి ఉన్నది. 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనంలో ఆరుగురు ఇప్పుడు అవునన్నారు. పార్లమెంటు సవరణ ద్వారా కూడా ప్రాథమిక హక్కులను తగ్గించజాలదని ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు తీర్పు చెప్పారు.

అయితే అప్పటికే చేసిన సవరణలన్నీ రద్దయితే, పేద రైతులకు పంచిన భూముల గతి ఏమిటి? ఈ చిక్కుముడిని విప్పడానికి ఆయన అమెరికా న్యాయస్థానాలలో వాడుకలో ఉన్న ఒక సూత్రాన్ని మన దేశంలో తొలిసారిగా ప్రవేశపెట్టారు. తీర్పు భవిష్యత్తుకు మాత్రమే వర్తిస్తుందనీ, పాత సవరణలు యథాతథంగా నిలుస్తాయనీ ప్రకటించారు. అందువల్ల గోలక్‌నాథ్ కుటుంబం వాదనలో గెలిచినా భూమి విషయంలో ఓడిపోయింది.

ఈ తీర్పుపై విమర్శలు వెల్లువెత్తాయి. భూసంస్కరణలకు కోర్టు అడ్డుపడుతున్నదనీ, ఆస్తిపరుల పక్షం వహిస్తున్నదనీ పలువురు ఆక్షేపించారు. ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటు చేతులు కట్టివేసే అధికారం కోర్టుకు ఎక్కడిదని ప్రశ్నించారు. ఈ విమర్శలో బలం లేకపోలేదు. భూమిలేని కూలీకి న్యాయం చేయడం కూడా రాజ్యాంగ లక్ష్యమే. అయితే నేడు ఆస్తి హక్కును కుదించగలిగిన చేయి రేపు వాక్ స్వాతంత్ర్యాన్నీ కుదించగలదన్నది రెండవ పక్షం. 1971లో పార్లమెంటు 24వ సవరణతో గోలక్‌నాథ్ తీర్పును తోసిపుచ్చింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి వ్యాజ్యంలో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం మధ్యేమార్గం చూపింది. పార్లమెంటు రాజ్యాంగంలోని ఏ భాగాన్నైనా సవరించవచ్చు గాని, దాని మౌలిక స్వరూపాన్ని ధ్వంసం చేయరాదని నిర్ణయించింది. ఆ విధంగా సుబ్బారావు తీర్పు రద్దయినా, సవరణాధికారానికి హద్దు ఉండాలన్న ఆయన మూలభావన మరొక రూపంలో నిలిచింది. ఆస్తి హక్కు మాత్రం 44వ సవరణ ఫలితంగా ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తొలగిపోయింది.

1967 ఏప్రిల్ 10న సుబ్బారావు మరొక ప్రముఖ తీర్పు వెలువరించారు. పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం దయాదాక్షిణ్యాలపై ఆధారపడరాదనీ, విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా దానిని నిరాకరించరాదనీ సత్వంత్ సింగ్ వ్యాజ్యంలో ఆయన నాయకత్వాన ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పగా, ఇద్దరు విభేదించారు. దాని ఫలితంగా ఆ ఏడే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేయవలసి వచ్చింది. ఈనాడు చదువుకో, కొలువుకో దేశాంతరం వెళ్లే ప్రతి తెలుగు యువకునికీ, యువతికీ ఆ తీర్పుతో సంబంధమున్నది.

ఆ మరునాడే ఆయన పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల బరిలో నిలిచారు. డాక్టర్ జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ రాగా, సుబ్బారావుకు 3,63,971 వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి పీఠం నుంచి నేరుగా ఎన్నికల రంగంలోకి దిగడం ఉచితం కాదని ఆనాడు పలువురు తప్పుపట్టారు. ఆయన జీవితంలో అభిప్రాయభేదాలకు తావిచ్చిన ఘట్టమిది.

1976 మే 6న సుబ్బారావు కన్నుమూశారు. దేశం అప్పుడు అత్యవసర పరిస్థితిలో ఉన్నది. అంతకు ఎనిమిది రోజుల ముందే, అత్యవసర పరిస్థితిలో అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించే హక్కు పౌరునికి లేదని సర్వోన్నత న్యాయస్థానం నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో తీర్పు చెప్పింది. జస్టిస్ హెచ్. ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. హక్కులకు అంతటి చీకటి కమ్మిన వేళ, హక్కుల కోసం జీవితమంతా వాదించిన న్యాయమూర్తి నిష్క్రమించారు.

కాని న్యాయచరిత్రలో చివరి మాట వెంటనే రాదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఖరక్ సింగ్ వ్యాజ్యంలో గోప్యతను నిరాకరించిన నలుగురి అభిప్రాయాన్ని త్రోసిపుచ్చి, సుబ్బారావు అభిప్రాయమే సరైనదని నిర్ధారించింది. 1976 నాటి నిర్బంధ తీర్పు కూడా ఆ సందర్భంలోనే రద్దయింది. 55 సంవత్సరాల క్రితం ఓడిపోయిన మాట దేశానికి శాసనమైంది.

2019 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతి కేంద్రంగా పనిచేస్తున్నది. 1956లో గుంటూరు సీమను విడిచిన హైకోర్టు మళ్లీ ఆ సీమకే చేరింది. బాపట్ల, తెనాలి, రేపల్లె కోర్టులలో నేడు దాఖలయ్యే చిన్న వ్యాజ్యంలో సైతం రేపటి రాజ్యాంగ సూత్రం దాగి ఉండవచ్చు. ఆ వ్యాజ్యాన్ని శ్రద్ధగా వినే న్యాయమూర్తి, పట్టుదలతో పై మెట్టు ఎక్కే పౌరుడు, ఒంటరిగానైనా తాను నమ్మినది వ్రాయగల ధైర్యశాలి ఉన్నంతకాలం హక్కులకు రక్షణ ఉంటుంది. సుబ్బారావు జీవితం నేర్పే పాఠమిదే.

ప్రశ్నలు

1. 1950కి పూర్వం పల్లెప్రాంత రైతుకు న్యాయం పొందడంలో ఎదురైన అడ్డంకులను వివరించండి.
2. ఖరక్ సింగ్ వ్యాజ్యంలో సుబ్బారావు అభిప్రాయం ఏమిటి? అది తరువాతి కాలంలో ఏ విధంగా ఆమోదం పొందింది?
3. గోలక్‌నాథ్ తీర్పుపై వచ్చిన విమర్శను, దానికి ఎదురుగా నిలిచిన వాదనను తెలిపి, మీ అభిప్రాయం వ్రాయండి.
4. అల్పసంఖ్యాక తీర్పుకు చట్టబలం లేకపోయినా, దానికి విలువ ఉన్నదని పాఠం ఆధారంగా నిరూపించండి.