భానుమతీ రామకృష్ణ

తెలుగు సినిమా పాటలు వినే ఇళ్లలో భానుమతి పేరు తెలియనివారు అరుదు. జంషెడ్‌పూర్‌లోని సోనారి వంటి చోట్ల, తెలుగునేలకు దూరంగా ఉండి ఈ పుస్తకం చదువుతున్న మీలో కూడా చాలామంది, ఇంట్లో పెద్దవాళ్లు పెట్టుకున్న రేడియోలోనో క్యాసెట్లలోనో ఆమె గొంతు విని ఉంటారు. అయితే ఆమెను నటిగా, గాయనిగా మాత్రమే తెలుసుకుంటే సగమే తెలుసుకున్నట్లు. ఆమె కథలు రాశారు, చిత్రాలు నిర్మించారు, దర్శకత్వం వహించారు, సంగీతం సమకూర్చారు, ఒక స్టూడియో నడిపారు. చెప్పినట్లు నటించడమే సినిమాలో స్త్రీ చేయవలసిన పని అని అందరూ అనుకునే రోజులవి. అటువంటి రోజుల్లో ఈ పనులను ఆమె ఒక్కొక్కటిగా తన చేతిలోకి ఎలా తెచ్చుకున్నారో, అందుకు ఏమి వదులుకోవలసి వచ్చిందో ఈ పాఠంలో చదువుతారు.

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు ప్రాంతంలోని దొడ్డవరం గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు సరస్వతమ్మ, బొమ్మరాజు వెంకటసుబ్బయ్య. తండ్రికి శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం. ఆమెకు తొలి గురువు కూడా ఆయనే. కూతురు పేరున్న గాయని కావాలన్నదే ఆయన కోరిక. సినిమా నటి కావాలని ఆయన కోరుకోలేదు, ఆ అమ్మాయీ కోరుకోలేదు.

దర్శకుడు సి. పుల్లయ్య తన 'వరవిక్రయం' చిత్రానికి కొత్త అమ్మాయి కోసం వెతుకుతూ వారి దగ్గరికి వచ్చారు. వెంకటసుబ్బయ్య ఒక షరతు మీద ఒప్పుకున్నారు. కథానాయకుడు తన కూతురిని తాకే సన్నివేశం ఉండకూడదు. ఈనాడు ఈ షరతు మనకు వింతగా తోస్తుంది. కాని నటించే స్త్రీని సంఘం చిన్నచూపు చూసే కాలంలో, పెళ్లికాని కూతురిని పంపే తండ్రికి అంతకు మించిన రక్షణ ఏదీ కనిపించలేదు.

'వరవిక్రయం' 1939లో విడుదలయింది. కాళ్ళకూరి నారాయణరావు రాసిన ప్రసిద్ధ నాటకం దానికి ఆధారం. కట్నమిచ్చి వరుణ్ణి కొనుక్కోవడం ఇష్టంలేక ప్రాణం తీసుకునే కాళింది పాత్ర భానుమతిది. చిత్రం తయారైనది కలకత్తాలో, ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారి స్టూడియోలో. మద్రాసులో వసతులు సరిగా ఏర్పడని ఆ రోజుల్లో తెలుగు చిత్రాలు కొన్ని అక్కడే తీసేవారు. సోనారిలో ఉన్నవారికి ఇది మరీ దూరపు సంగతి కాదు. టాటానగర్ నుంచి హౌరా సుమారు 250 కిలోమీటర్లే. ఒంగోలు పిల్లకు మాత్రం అది దేశం కాని దేశమే.

తరువాత 'మాలతీ మాధవం', 'ధర్మపత్ని' వంటి చిత్రాలు వచ్చాయి. 1943లో 'కృష్ణప్రేమ' చిత్రీకరణ సమయంలో సహాయ దర్శకుడు పి.ఎస్. రామకృష్ణారావుతో పరిచయమైంది. తండ్రికి ఈ సంబంధం నచ్చలేదు. అయినా ఆ ఏడాది ఆగస్టు 8న వారి వివాహం జరిగింది. పెళ్లయ్యాక ఇంటిపట్టున ఉండాలని, సినిమాలు మానేయాలని ఆమె అనుకున్నారు. కాని బి.ఎన్. రెడ్డి తన 'స్వర్గసీమ'లో ఆమే నటించాలని పట్టుబట్టారు. 1945లో వచ్చిన ఈ చిత్రంలో వీధిలో ఆడిపాడే పిల్ల సుజాతాదేవి అనే నాటకాల నటిగా ఎదిగి, ఒక గృహస్థును అతని సంసారానికి దూరం చేస్తుంది. కాళింది పాత్ర వేసిన అమ్మాయి ఆరేళ్లలో ఇటువంటి పాత్రను అంత ధీమాగా పోషించడం ప్రేక్షకులను ఆశ్చర్యపరిచింది. ఇక ఇంటిపట్టున ఉండే మాట వెనకబడింది.

ఇక్కడినుంచే అసలు కథ మొదలవుతుంది. కుమారుడు భరణి పుట్టిన తరువాత భార్యాభర్తలు అతని పేరుతో భరణీ పిక్చర్స్ స్థాపించారు. 'రత్నమాల', 'లైలా మజ్ను' (1949), 'ప్రేమ' (1952), 'చక్రపాణి', 'విప్రనారాయణ' (రెండూ 1954), 'బాటసారి' (1961) ఆ సంస్థ చిత్రాలే. మద్రాసులోని సాలిగ్రామంలో భరణీ స్టూడియో వెలిసింది. దర్శకత్వం ఎక్కువగా రామకృష్ణారావు చూసుకునేవారు. 'చక్రపాణి'కి సంగీతం మాత్రం భానుమతి సమకూర్చారు.

1953లో వచ్చిన 'చండీరాణి' గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కథ ఆమెదే, దర్శకత్వం ఆమెదే, కవలలైన అక్కచెల్లెళ్ల రెండు పాత్రలూ ఆమెవే. పైగా చిత్రాన్ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీశారు. అంటే ఒక సన్నివేశం ఒక భాషలో ముగిసిందనుకోగానే అదే సన్నివేశాన్ని మరో భాషలో మళ్లీ నటించాలి. కెమెరా ముందు నటిస్తూ, కెమెరా వెనుక అందరికీ పని చెబుతూ ఇరవైఎనిమిదేళ్లు నిండని స్త్రీ ఈ బరువు మోశారు. తెలుగులో అంతకుముందు ఏ స్త్రీ కూడా సినిమాకు దర్శకత్వం వహించలేదు.

బయటి సంస్థల చిత్రాల్లోనూ ఆమె గొప్ప పాత్రలు చేశారు. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి'ని తెలుగువారు ఇప్పటికీ తలచుకుంటారు. తమిళంలో 1956 నాటి 'రంగూన్ రాధ'లో, భర్త పిచ్చిదని ముద్రవేసి బంధించిన భార్యగా నటించారు. ఆ కథ రాసిన అన్నాదురై ఆమెకు నటనకే వ్యాకరణమన్న అర్థం వచ్చే తమిళ బిరుదు ఇచ్చారు. ఇంకో విశేషం గమనించండి. నటి పెదవులు కదిపితే వెనుక మరొకరు పాడే పద్ధతి స్థిరపడిన తరువాత కూడా ఆమె తన పాటలు తానే పాడుకున్నారు.

ఈ పట్టుదలకు వెల కూడా చెల్లించవలసి వచ్చింది. విజయా వారి 'మిస్సమ్మ'లో మొదట కథానాయిక ఆమే. కొన్ని రీళ్ల చిత్రీకరణ కూడా అయింది. ఒకరోజు వరలక్ష్మీ వ్రతం వల్ల ఆలస్యంగా వచ్చారని, క్షమాపణ రాసి ఇవ్వాలని నిర్మాత చక్రపాణి కోరారని, ఆమె ఒప్పుకోలేదని చెబుతారు. పాత్ర సావిత్రికి వెళ్లింది. 1955లో విడుదలైన ఆ చిత్రం ఘనవిజయం సాధించింది. తప్పు ఎవరిదన్న వాదన అలా ఉంచండి. తనకంటూ ఒక సంస్థ, ఒక స్టూడియో లేని నటి అయితే ఆ రోజు సంతకం పెట్టక తప్పేది కాదేమో! భరణీ సంస్థ ఆమెకు ఇచ్చినది డబ్బు మాత్రమే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆమె రచనల్లో పేరెన్నికగన్నవి 'అత్తగారి కథలు'. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఈ కథల్లో మడి, ఆచారం, మొండితనం, అమాయకత్వం కలబోసిన ఒక అత్తగారు ఉంటారు. కోడలు ఆమెను గమనిస్తూ మనకు చెబుతూ ఉంటుంది. ఆవకాయ పెట్టడం వంటి ఇంటిపని కూడా అత్తగారి చేతిలో పడితే పెద్ద ప్రహసనమే. మన సినిమాల్లో అత్త అంటే కోడలిని రాచిరంపాన పెట్టే మనిషి. భానుమతి చిత్రించిన అత్తగారి మీద మనకు కోపం రాదు, నవ్వు వస్తుంది, ఆ నవ్వు వెనుక అభిమానం కలుగుతుంది. తెరమీద గంభీరంగా, కొంత అహంకారంగా కనిపించిన మనిషి కాగితం మీద ఇంత చల్లగా నవ్వించడం విశేషం. ఆమె చిత్రాల్లో కొన్ని పాతబడ్డాయి. ఈ కథలు పాతబడలేదని మా అభిప్రాయం. దొరికితే తప్పక చదవండి.

వయసు పెరిగినా ఆమె పని తగ్గించలేదు. 1974లో 'అమ్మాయి పెళ్లి'కి, 1982లో బాలనటులతో తీసిన 'భక్త ధ్రువ మార్కండేయ'కు దర్శకత్వం వహించారు. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1984లో 'మంగమ్మగారి మనవడు'లో నాయనమ్మగా నటించినప్పుడు, ఆమె పాత చిత్రాలు చూడని కొత్త తరం కూడా ఆమెకు అభిమానులయ్యారు. 1986లో భర్త మరణించారు.

ప్రభుత్వం 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. ఆత్మకథ 'నాలో నేను'కు సినిమా గ్రంథాలకిచ్చే జాతీయ పురస్కారం లభించింది. 1998 నాటి 'పెళ్లికానుక' ఆమె చివరి చిత్రం. 2005 డిసెంబరు 24న చెన్నైలో ఆమె కన్నుమూశారు.