శస్త్రవైద్య పితామహుడు అబుల్ ఖాసిమ్ జహ్రావీ (రహ్మ)

మానవ ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన గొప్ప అమానతు. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని దివ్యఖుర్ఆన్‌లోని మాయిదా సూరా బోధిస్తోంది. వైద్యం తెలియకుండానే వైద్యానికి పూనుకుని రోగికి హాని చేసినవాడు ఆ హానికి బాధ్యత వహించవలసి ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ప్రాణం కాపాడాలన్న తపన, హాని జరుగుతుందేమోనన్న భయం ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే అతను ఎలాంటి వైద్యుడవుతాడో తెలుసుకోవాలంటే అబుల్ ఖాసిమ్ జహ్రావీ (రహ్మ) జీవితాన్ని చూడాలి.

జననం - జీవితం

ఆయన పూర్తి పేరు అబుల్ ఖాసిమ్ ఖలఫ్ బిన్ అబ్బాస్ జహ్రావీ. ఐరోపావాసులు ఆయన్ని అల్బుకాసిస్ అని పిలుచుకున్నారు. ఆనాటి అందలూస్ (నేటి స్పెయిన్) ముస్లిముల పాలనలో ఉండేది. ఖుర్తుబా దాని రాజధాని. ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ క్రీ.శ. 936 ప్రాంతంలో ఖుర్తుబా పక్కనే మదీనతుజ్జహ్రా అనే నగరాన్ని కట్టించడం ప్రారంభించాడు. జహ్రావీ కూడా దాదాపు ఆ కాలంలోనే పుట్టారు. ఆ నగరం పేరే ఆయన పేరులో నిలిచిపోయింది. ఆయన వంశం మదీనా అన్సారులకు చెందినదని చరిత్రకారులు రాశారు.

ఆయన సొంత జీవిత విశేషాలు చరిత్ర గ్రంథాల్లో బహు కొద్దిగానే దొరుకుతాయి. ఆయన్ని మనకు పరిచయం చేసేది ఆయన రాసిన గ్రంథమే. దాదాపు యాభై ఏళ్ళ వైద్యానుభవం తర్వాత, క్రీ.శ. 1000 ప్రాంతంలో ఆయన ‘అత్తస్రీఫ్’ అనే 30 భాగాల గ్రంథాన్ని పూర్తి చేశారు. అందులో చివరి భాగం శస్త్రచికిత్స గురించినది. వాతలు పెట్టడం, కోతలు-గాయాలు, విరిగిన ఎముకలు కట్టడం అని దాన్ని మూడు అధ్యాయాలుగా విభజించారు. దాదాపు 200 పరికరాల బొమ్మలు గీసి, ఏది ఎందుకు వాడాలో వివరించారు. తన శిష్యులను బిడ్డలుగా సంబోధిస్తూ, తండ్రి కొడుక్కి పని నేర్పినట్లు నేర్పారు.

పొరపాట్లను పాఠాలుగా మార్చిన గురువు

శస్త్రచికిత్స భాగాన్ని ఆయన తన విజయాలతో మొదలుపెట్టలేదు. తన కాలంలో, తన దేశంలో జరిగిన ఘోరమైన పొరపాట్లతో మొదలుపెట్టారు.

ఒక స్త్రీ మెడ మీద గడ్డ లేచింది. ఓ అజ్ఞాని వైద్యుడు దాన్ని కోయబోయి మెడలోని రక్తనాళాలను తెంపేశాడు. ఆమె రక్తం కారి అతని కళ్ళ ముందే చనిపోయింది. మరో వైద్యుడు ఒక వృద్ధుని మూత్రాశయంలోని రాయి తీయబోయి, రాయితోపాటు మూత్రాశయం ముక్కను కూడా బయటికి లాగేశాడు. ఆ వృద్ధుడు మూడో రోజుకల్లా కన్నుమూశాడు. ఇంకో వైద్యుడు, విరిగిన కాలికి గాయం కూడా ఉన్న ఒక యువకునికి గాయం మీదనే బద్దలు పెట్టి బిగించి కట్టాడు. కట్టు విప్పరాదని చెప్పి వెళ్ళిపోయాడు. కాలు వాచి కుళ్ళిపోయింది. చివరికి జహ్రావీని పిలిచారు. ఆయన వెంటనే కట్టు విప్పితే నొప్పి తగ్గింది గాని, అప్పటికే ఆలస్యమైపోయింది. ప్రాణం దక్కలేదు.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఈ ఉదంతాల్లో ఆయన ఆ వైద్యుల పేర్లు చెప్పలేదు. ఎవరినో అవమానించడం ఆయన ఉద్దేశం కాదు. అలాగని పొరపాటును కప్పిపెట్టనూ లేదు. పేరు దాచి తప్పును బయటపెట్టారు. అటు పరోక్ష నిందకు పాల్పడకుండా, ఇటు విద్యార్థులకు దక్కవలసిన జ్ఞానాన్ని దాచకుండా నడిచిన మార్గం ఇది. శరీర నిర్మాణం క్షుణ్ణంగా నేర్వకుండా కత్తి పట్టరాదన్నది ఆయన మొదటి షరతు.

చేయకపోవడం కూడా వైద్యమే

ఆ వృద్ధునికి రాయి తీయమని మొదట జహ్రావీనే పిలిచారు. రాయి పెద్దది, మనిషి స్థితి బాగా లేదు. కోస్తే బతకడని ఆయన గ్రహించారు. మరొకడు ధైర్యం చేశాడు, ఫలితం చూశాం. అందుకే శస్త్రచికిత్సలు రెండు రకాలని ఆయన శిష్యులకు చెప్పారు. ఒకటి క్షేమంతో కూడినది, రెండవది అపాయంతో కూడినది. డబ్బు కోసమో పేరు కోసమో రెండో దానికి ఎగబడవద్దని నచ్చజెప్పారు.

ఆయన జాగ్రత్త చిన్న విషయాల్లో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. పన్ను పీకేముందు నొప్పి ఏ పంటిదో నిర్ధారించుకోవాలని రాశారు. రోగి చాలాసార్లు పొరబడతాడు. బాగున్న పన్నును చూపి పీకించుకుంటాడు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. మంగళ్ళ చేతుల్లో ఇలా జరగడం ఆయన ఎన్నోసార్లు చూశారు. రోగి భయపడతాడని, గడ్డలు కోసే కత్తిని వేళ్ళ మధ్య కనపడకుండా ఇమిడేలా తయారు చేయించారు. ధమని తెగి రక్తం చిమ్మితే వెతుక్కునే పని లేకుండా చిన్నవీ పెద్దవీ అనేక వాత ఇనుములను నిప్పులో సిద్ధంగా ఉంచుకోమన్నారు.

స్త్రీల సహకారం

దైవప్రవక్త (స) కాలంలో హజ్రత్ రుఫైదా (రజి) మస్జిదు ఆవరణలో గుడారం వేసి క్షతగాత్రులకు సేవ చేశారు. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను ఆ గుడారంలోనే ఉంచారు.

జహ్రావీ గ్రంథంలో కూడా స్త్రీల సేవకు చోటుంది. స్త్రీకి మూత్రాశయంలో రాయి ఏర్పడితే నేర్పుగల స్త్రీ వైద్యురాలి కోసం వెతకమన్నారు. దొరకని పక్షంలో ఈ విద్యతో కొంత పరిచయమున్న మంత్రసానిని పిలిపించి, వైద్యుడు చెబుతుండగా ఆమె చేత పరీక్ష, చికిత్స చేయించమన్నారు. బిడ్డ అడ్డం తిరిగిన కాన్పుల్లో ఏం చేయాలో మంత్రసానులకు నేర్పడం కోసమే కొన్ని ప్రకరణాలు కేటాయించారు. వైద్యుని పక్కన నిలబడే స్త్రీకి కూడా విద్య అవసరమని వెయ్యేళ్ళ క్రితమే ఆయన గుర్తించారు.

మరణం - వారసత్వం

1010లో అంతర్యుద్ధంలో మదీనతుజ్జహ్రా ధ్వంసమైంది. 1013 ప్రాంతంలో జహ్రావీ పరమపదించారు. నగరం శిథిలమైనా విద్య మిగిలింది. 12వ శతాబ్దంలో తులైతులా (టోలెడో) నగరంలో క్రెమోనాకు చెందిన జెరార్డ్ ఆయన శస్త్రచికిత్స భాగాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. కొన్ని శతాబ్దాలపాటు ఐరోపా వైద్యులు దాన్ని చదువుకున్నారు.

మనకు గుణపాఠం

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సల్లో భద్రత కోసం 19 అంశాల పట్టికను విడుదల చేసింది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని ఆపరేషన్ గదినుంచి బయటికి తెచ్చేముందు మూడుసార్లు ఆగి సరిచూసుకోవాలి. ఈ మనిషేనా? శరీరంలో ఈ చోటేనా? అతనికి ఏ మందైనా పడదా? పరికరాలు, గాజుగుడ్డలు లెక్క సరిపోయాయా? జహ్రావీ పంటి విషయంలో చెప్పిన జాగ్రత్తే ఇక్కడ నియమంగా మారింది. ఈ లెక్క చూసే బాధ్యత ఎక్కువగా నర్సుల భుజాల మీదే ఉంటుంది. లెక్క తగ్గిందని పెద్ద డాక్టరు ముందు ధైర్యంగా చెప్పే నర్సు అమానతును నిలబెడుతోంది.

శస్త్రవైద్య పితామహుడు మనవాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. కాని నర్సింగ్ చదువుతానన్న కూతురిని చిన్నచూపు చూసే ఇళ్ళు మనలో లేవా? నర్సు పేరూ, ఆపరేషన్ ఏ వైపన్నదీ మూడోసారి అడిగితే విసుక్కునేవాళ్ళం మనమే. కడుపు ఖాళీగా ఉంచమంటే రోగికి చాటుగా టీ తాగించి, ఏమీ తినలేదని చెప్పేదీ మనమే. మత్తులో కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. అలాంటి చోట అబద్ధం ఎంత పెద్ద పాపమో ఆలోచించాలి.

ఇక ఈ వృత్తిలో ఉన్న మన సోదర సోదరీమణులు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. పట్టా చేతికొచ్చిన రోజున చదువు ముగియదు. జహ్రావీ యాభై ఏళ్ళు పనిచేసి కూడా పూర్వుల గ్రంథాలను వదల్లేదు. పొరపాటు జరిగితే దాచవద్దు. దాచిన తప్పు మరో రోగి దగ్గర మళ్ళీ జరుగుతుంది. మనుషుల ముందు ఒప్పుకోవడం కష్టమే, కాని ప్రళయదినాన అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పడం అంతకంటే కష్టం.

అల్లాహ్ జహ్రావీ (రహ్మ)ను తన కారుణ్యంతో కప్పుగాక! రోగుల సేవలో ఉన్నవారికి లాభదాయకమైన జ్ఞానాన్ని, నిజం చెప్పే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.