రాజీ కుదిర్చిన బారిస్టరు

కోర్టుకెక్కిన యిద్దరిలో ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునని మన పల్లెలలో ఒక సామెత కలదు. గెలిచినవాడేల ఏడ్వవలెనో వ్యాజ్యముల రుచి యెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. గట్టు తగవునకై చేనే అమ్ముకొన్న కుటుంబములు ఏ ప్రాంతమున చూచినను కలవు. ఈ సత్యమును మోహనదాసు కరమచందు గాంధి తాను పనిచేసిన మొదటి పెద్ద వ్యాజ్యములోనే కన్నులార చూచెను. ఆయన సత్యాగ్రహమును గూర్చియు, రాట్నమును గూర్చియు, ఉప్పు యాత్రను గూర్చియు తెలియనివారు లేరు. కాని ఆయన రమారమి యిరువదియేండ్లు న్యాయవాదిగా బ్రతికెననియు, ఆ కాలములో పెద్దభాగమును కోర్టు వెలుపల తగవులు తీర్చుటకే వెచ్చించెననియు ఎరిగినవారు తక్కువ.

గాంధి 1869 అక్టోబరు 2వ తేదీన కాఠియావాడలోని పోర్బందరులో జన్మించెను. తండ్రి కరమచందు ఆ సంస్థానమునకు దివాను. ఆయనకు బడిచదువు కొద్ది, లోకజ్ఞానము మెండు. ఆ దేశమున సంస్థానాధీశులకును వారి దాయాదులకును నడుమ పుట్టు తగవులను తీర్చుటకు రాజస్థానిక న్యాయసభ యను నొకటి యుండెడిది. కరమచందు అందులో సభ్యుడుగా నుండెను. కావున తీర్పరితనము కుమారునకు పిత్రార్జితముగ సంక్రమించెనని చెప్పవచ్చును. అయితే మొదట దాని ఛాయలేవియు నాతనియందు కానరాలేదు.

1888లో సీమకు పోయి, 1891 జూన్ మాసమున బారిస్టరు పట్టము పొంది తిరిగివచ్చిన యువకునకు బొంబాయిలో దొరకిన మొదటి పని చిన్న దావాల కోర్టులో ముప్పది రూపాయల వ్యవహారము. ప్రతివాది పక్షమున లేచి వాది సాక్షిని ప్రశ్నింపవలసియుండగా కాళ్లు వణకెను, తల తిరిగెను, నోట మాట రాలేదు. పుచ్చుకొన్న రుసుమును వాపసు చేసి, ఆ కేసును వేరొక వకీలునకు ఇప్పించి, కోర్టునుండి బయటపడెను. ఆ వకీలు ఏబది యొక్క రూపాయలు పుచ్చుకొని వాదించెను. కేసులు తెచ్చు దళారులకు సొమ్ము ఇయ్యనని బొంబాయిలో పట్టుబట్టిన గాంధి, రాజకోటకు చేరి అర్జీలు వ్రాయు పనిలో పడిన పిమ్మట వకీళ్లకు కొంత భాగము ఇచ్చుకొనక తప్పలేదు. ఈ సంగతి ఆయన దాచలేదు. తన ఆత్మకథలో తానే వ్రాసికొనెను. అర్జీలవలన నెలకు మూడువందల వఱకు వచ్చుచుండినను మనసునకు తృప్తి లేదు.

అప్పుడు పోర్బందరు మేమనులలో ప్రసిద్ధమైన దాదా అబ్దుల్లా కంపెనీవారు ఆయనను దక్షిణాఫ్రికాకు పిలిచిరి. ఒక సంవత్సరపు పని. నూట అయిదు పౌనుల జీతము, రానుపోను మొదటి తరగతి ఓడ చార్జీలు, తిండి ఖర్చులు. బారిస్టరునకు తగిన పిలుపు కాదది. ఒక ఉద్యోగి పిలుపు. అయినను 1893 ఏప్రిలులో బయలుదేరి మే మాసమున నేటాలు రాష్ట్రములోని డర్బను రేవున దిగెను.

వ్యాజ్యము నలుబది వేల పౌనులది. వాది దాదా అబ్దుల్లా. ప్రతివాది ప్రిటోరియాలోని తయ్యబు హాజీ ఖాను మహమ్మదు. ఇరువురును పోర్బందరు వారే. పైగా దగ్గర చుట్టములు. దావాలో కొంతభాగము ప్రామిసరీ నోట్లమీదను, కొంతభాగము నోట్లు వ్రాసి యిత్తునన్న మాటమీదను ఆధారపడియుండెను. ఆ నోట్లు మోసముచే పుచ్చుకొనబడినవనియు, వానికి తగిన ప్రతిఫలము ముట్టలేదనియు ప్రతివాది వాదము. సర్వమును లెక్కల చిక్కు. మన బారిస్టరునకు లెక్కలు రావు! త్రోవలో జాంజిబారు కోర్టు చూడబోయినప్పుడు అక్కడి న్యాయవాది జమాఖర్చులను గూర్చి సాక్షిని ప్రశ్నించుచుండగా ఆయనకు ఒక్క ముక్కయు బోధపడలేదు. డర్బనులో కంపెనీ గుమాస్తా ఈ పద్దు జమ, ఆ పద్దు ఖర్చు అని చదువుకొని పోవుచుండగా తెల్లబోయి చూచెను. గుమాస్తా పలుమారు పలుకు పీ-నోటు అను మాటకు అర్థము నిఘంటువులో వెదకినను దొరకలేదు. తుదకు గుమాస్తానే అడిగి, అది ప్రామిసరీ నోటని తెలిసికొనెను. సిగ్గుపడి కూరుచుండక, లెక్కలు వ్రాయు పద్ధతిని గూర్చిన పుస్తకమొకటి కొని చదివెను. సీమ చదువు చదివిన బారిస్టరు గుమాస్తాకు శిష్యుడగుట చిన్న సంగతి కాదు. చిట్టా, ఆవర్జా చేతపట్టని తీర్పరి చెప్పు తీర్పు గోడలేని కప్పు వంటిది.

ప్రిటోరియాకు బయలుదేరకముందే ఆయన దాదా అబ్దుల్లాతో, ప్రతివాది మీ చుట్టమే గదా, వీలైనచో ఈ తగవును ఇంటిలోనే తీర్చుకొనుటకు ప్రయత్నింతునని చెప్పెను. శేటు ఉలిక్కిపడెను. వచ్చి పట్టుమని పది దినములు కాలేదు. వ్యాజ్యము గెలిపింప వచ్చినవాడు రాజీమాట యెత్తుచున్నాడు. తయ్యబు అంత సులభముగా లొంగు మనిషి కాడనియు జాగ్రత్త చెప్పెను. అయినను అడ్డు చెప్పలేదు. ఆ ప్రయాణములోనే మారిట్జుబర్గు స్టేషనులో తెల్లవారు గాంధిని మొదటి తరగతి పెట్టెనుండి దింపివేసిరి. ఆ రాత్రి కథ లోకమంతయు ఎరిగినదే.

ప్రిటోరియాలో ఆయన చేసిన మొదటి పని మిక్కిలి విచిత్రమైనది. అక్కడి హిందూదేశీయులందఱలో పలుకుబడి గలవాడు తయ్యబు శేటే. అతనిని మొదటి వారములోనే కలిసికొని, ఊరిలోని మనవారినందఱ నొకచోట కూర్పవలెనని యున్నది, సాయము చేయుమని గాంధి కోరెను. శేటు సమ్మతించెను. ఎవనిపై దావా నడుపవచ్చెనో వాని చేయూతతోనే సభ జరిగెను. వకీలు వాదించుట కక్షకొఱకు కాదని ప్రతివాదికి తెలియుటకు ఇంతకంటె మంచి త్రోవ లేదు.

ఆపైన గాంధి గుజరాతీ కాగితములను ఇంగ్లీషులోనికి తెచ్చి, ఉత్తరప్రత్యుత్తరములను పద్దు పద్దుగా పరిశీలించి, అటార్నీకి కావలసిన వివరములన్నియు సిద్ధపఱచెను. ఈ శ్రమలో ఆయనకు రెండు సంగతులు తేటపడెను. మొదటిది, దాదా అబ్దుల్లా కేసు బలమైనదనియు, న్యాయము అతని పక్షముననే యున్నదనియు. రెండవది, వ్యాజ్యము ఇట్లే సాగినచో వాదియు ప్రతివాదియు కూడ నాశనమగుదురని. పేరుమోసిన న్యాయవాదులు ఇరువైపుల నుండిరి. వారి రుసుములు నానాటికి పెరుగుచుండెను. వర్తకులిద్దరికిని వ్యాపారము చూచుకొను తీరిక లేకపోయెను. ఓడినవాడు గెలిచినవానికి ఇచ్చుకొనవలసిన ఖర్చులకు కోర్టువారి పట్టీ యొకటి యుండును; వకీలు తన కక్షిదారునివద్ద పుచ్చుకొను సొమ్మునకు ఆ పట్టీతో సంబంధము లేదు. రెంటి నడుమనున్న తేడా గెలిచినవాని నెత్తిపైననే పడును. సామెతలో గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చుట యిందువలననే.

గాంధి తయ్యబు శేటువద్దకు పోయి, ఇరువురకు నమ్మకమైన మధ్యవర్తి నొకనిని ఏర్పఱచుకొనుడని బ్రతిమాలెను. నీ వకీలును కూడ అడిగి చూడుమనెను. కొంతకాలము పట్టినను ఇరువురును ఒప్పుకొనిరి. మధ్యవర్తి నియమింపబడెను, వాదోపవాదములు ఆయన యెదుట జరిగెను, దాదా అబ్దుల్లా గెలిచెను.

సామాన్యముగా కథలు ఇచ్చట ముగియును. గాంధికి మాత్రము అసలు పని ఇక్కడనే మొదలయ్యెను. తయ్యబు చెల్లింపవలసినది ముప్పదియేడు వేల పౌనులు, ఆపైన ఖర్చులు. అంత సొమ్ము ఒక్కమారుగా తెచ్చుట అతనికి సాధ్యము కాదు. ఒక్క దమ్మిడీయైనను తక్కువ ఇయ్యవలెనని గాని, దివాలా తీయవలెనని గాని అతని కోరిక కాదు. దక్షిణాఫ్రికాలోని పోర్బందరు మేమనులలో దివాలాకంటె చావు మేలను కట్టుబాటు ఉండెను. కాగితముపై నెవరును వ్రాయని యా కట్టుబాటు ఏ చట్టముకంటెను గట్టిది. కావున దాదా అబ్దుల్లా తన హక్కు ప్రకారము మొత్తమును వెంటనే అడిగినచో, గెలుపుతోబాటు చుట్టము ప్రాణమును కూడ తీసికొన్నవాడగును. మిగిలిన త్రోవ ఒక్కటే: మిక్కిలి దీర్ఘమైన వాయిదాలమీద సొమ్ము పుచ్చుకొనుట.

మధ్యవర్తికి ఒప్పించుటకంటె ఈ వాయిదాలకు ఒప్పించుట కష్టమయ్యెనని గాంధి వ్రాసికొనెను. తీర్పు రాకముందు ఇరువురకును భయముండును. భయమున్నచోట రాజీమాట చెవికెక్కును. తీర్పు చేత బట్టినవానికి ఆ భయము పోవును. అట్టివానిని నీ సొమ్మే అయినను కొన్నియేండ్లు ఆగి పుచ్చుకొనుమనుట నడియేటిలో పడవను నిలుపుట వంటిది. అందును, అది చెప్పువాడు అవతలి పక్షపు వాడు కాదు, తాను జీతమిచ్చి తెచ్చుకొన్న వకీలు! దాదా అబ్దుల్లా కోపించి యుండినను తప్పుపట్టరాదు. ఆయన తుదకు ఒప్పుకొనెను. ఈ కథలో మెప్పు గాంధికి ఎంత చెందునో ఆ వర్తకునకును అంత చెందును. తగవు తీరి ఇరువురును సంతోషించిరి; ఇరువురి గౌరవమును పెరిగెను. వకీలుయొక్క నిజమైన పని విడిపోయిన పక్షములను కలుపుటయేనని గాంధి నాడు గ్రహించెను. ఆ పిమ్మట నూర్లకొలది వ్యవహారములను అట్లే రాజీపఱచెను. అందువలన తనకు సొమ్ముగూడ నష్టము కాలేదని ఆయనయే చెప్పుకొనెను.

ఒక్క సంవత్సరమునకని పోయినవాడు 1894లో నేటాలు హిందూదేశీయుల ఓటుహక్కు పోవనున్న సమయమున వారి కోరికపై ఆగిపోయి, నడుమ స్వదేశమునకు వచ్చిపోవుచు, 1914 వఱకు అక్కడనే యుండెను. నేటాలులోను, పిమ్మట జోహాన్సుబర్గులోను వకీలుపని చేసెను. అక్కడి కేసులలో నొకటి లెక్కలు వ్రాయువారందఱు తెలిసికొనదగినది. లెక్కల నిపుణులైన మధ్యవర్తులు గాంధి కక్షిదారునకు పూర్తిగా అనుకూలముగ తీర్పు వ్రాసిరి. అయితే వారు పొరబాటున ఖర్చు వైపు వ్రాయవలసిన పద్దు నొకదానిని జమ వైపు వ్రాసిరి. ఎదుటిపక్షమువారు వేరు కారణములచే తీర్పును రద్దుచేయ కోరిరే గాని ఈ తప్పును కనిపెట్టలేదు. మన నోటితో మనము చెప్పినచో కోర్టు తీర్పునంతయు కొట్టివేయునని పెద్ద వకీలు భయపడి, తప్పును ఒప్పుకొని వాదించుటకు నిరాకరించెను. చిన్న వకీలుగా నున్న గాంధి కక్షిదారుని సమ్మతి పుచ్చుకొని తానే వాదించి, తప్పును కోర్టువారికి చూపెను. న్యాయాధిపతులు మొదట ఇందులో ఏదో మాయ యున్నదని శంకించిరి. తుదకు పద్దును మాత్రము సవరించి తీర్పును స్థిరపఱచిరి. రాజీ యనగా సగము అబద్ధమును సగము నిజమును కలిపి పంచుకొనుట యని తలచువారు ఈ కేసును గుర్తుంచుకొనవలెను.

పార్సీ రుస్తుంజీ సంగతియు ఇట్టిదే. సుంకము ఎగవేసి సరకు తెచ్చిన యా వర్తకమిత్రుడు పట్టుబడి గాంధిని ఆశ్రయించెను. కోర్టులో తప్పించుకొను ఉపాయము చెప్పుటకు బదులు, నేరము పూర్తిగ ఒప్పుకొనుమని గాంధి చెప్పి, సుంకపు అధికారులను కలిసికొని మాటలాడెను. ఎగవేసినట్లు ఒప్పుకొన్న మొత్తమునకు రెట్టింపు జరిమానాతో వ్యవహారము కోర్టునకు పోకుండ తీరిపోయెను. రుస్తుంజీ ఆ వృత్తాంతమును వ్రాయించి, చట్రము కట్టించి, కొడుకులకును తోడి వర్తకులకును కనబడునట్లు తన కచేరిలో తగిలించెను.

రాజీలన్నియు ఇంత చక్కగా ముగిసెనని భ్రమపడరాదు. 1908లో జనరలు స్మట్సుతో చేసికొన్న ఒప్పందమునకై గాంధి తన పక్షపువాడే యైన మీర్ ఆలము చేత దెబ్బలు తిని వీథిలో స్మృతిదప్పి పడెను. అవతలివారు ఆ మాటను నిలుపుకొనలేదని తోచగానే, అదే సంవత్సరము ఆగస్టులో జోహాన్సుబర్గున పత్రములను మంటలో వేయించెను. స్వదేశమునకు వచ్చిన తరువాత 1918లో అహమ్మదాబాదు మిల్లు కూలీల సమ్మెలో, నూటికి ముప్పదియైదు హెచ్చింపు కోరినవారికిని ఇరువది యిత్తుమన్నవారికిని నడుమ ఆనందశంకర ధ్రువను మధ్యవర్తిగా ఒప్పించుటకు ఉపవాసమే చేయవలసివచ్చెను. ధ్రువ ముప్పదియైదే న్యాయమని తీర్పు చెప్పెను.

1920లో సహాయ నిరాకరణముతోబాటు కోర్టులను విడిచి పంచాయతీలలో తగవులు తీర్చుకొనుడని గాంధి దేశమునకు చెప్పెను. మన ఆంధ్రదేశమున కొండ వెంకటప్పయ్య, టంగుటూరి ప్రకాశము మొదలైనవారు మంచి రాబడిగల వకీలుపనిని వదలుకొనిరి. ఆ పంచాయతీలు చాలభాగము ఉద్యమముతోబాటే చల్లారిపోయెను. ఓడినవానిచే సొమ్ము కట్టించు బలము వానికి లేదు. ప్రిటోరియాలో గెలిచినవానిని మెత్తబఱచుటకు ఒక గాంధి యుండెను. ప్రతి గ్రామమునకును అట్టివాడు ఎచ్చట దొరకును?

1922లో ఆరేండ్ల శిక్షపడి యెరవాడ జైలులో నుండగా, బారిస్టరు పట్టమిచ్చిన లండనులోని ఇన్నరు టెంపులువారు నవంబరు 10వ తేదీన ఆయన పేరును తమ పట్టీనుండి కొట్టివేసిరి. ఆయన 1948లో మరణించిన నలుబదియేండ్లకు, 1988లో, తిరిగి చేర్చుకొనిరి. అంతకు ఆరేండ్ల ముందే, 1982లో, ఆయన పుట్టిన కాఠియావాడలోనే జునాగఢ్ జిల్లాలో లోక్ అదాలతు మొదలయ్యెను. 1987 చట్టము దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలమిచ్చెను. అచ్చట రాజీపడినవారికి కట్టిన కోర్టు ఫీజు వాపసు వచ్చును. ఆ తీర్పుపై అప్పీలు లేదు. సొమ్ము ఎన్ని వాయిదాలలో చెల్లింపవలెనన్నది మాత్రము నేటికిని ఇరుపక్షములవారు కూరుచుండి ఒప్పుకొనవలసినదే.