అనీ బిసెంటమ్మగారును, మదనపల్లె బాలురును

మన ప్రాంతమునుండి విద్యకై దేశాంతరములకు బోవు బాలబాలికలు నేడు పెక్కండ్రు కలరు. వారిని సాగనంపు తలిదండ్రులకు బిడ్డలు మరల వత్తురను నమ్మకముండును. కాని ఒక తండ్రి తన కుమారులను వ్రాతమూలముగ పరుల సంరక్షణకు ఒప్పగించి, వారు సముద్రము దాటిన పిమ్మట తిరిగి రప్పించుకొనజాలక న్యాయస్థానముల మెట్లెక్కిన చరిత్ర యొకటి మనకు మిక్కిలి సమీపమున పుట్టినది. ఆ బాలురలో పెద్దవాడు మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి. వారిని చేపట్టిన యామె అనీ బిసెంటమ్మగారు. కలకడ మొదలు మదనపల్లెవఱకు గల మన గ్రామములలో ఆమె పేరు వినని పెద్దలు అరుదు. ఐనను ఆమె జీవితమున బిడ్డలను ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు, పోగొట్టుకొనుటయు ఎట్లు జరిగెనో ఎఱిగినవారు కొలదిమందియే. కావున ఆ భాగమునే ముఖ్యముగ గైకొని ఆమె చరిత్రమును మా విద్యార్థులకు తెలుపబూనితిమి.

అనీ ఉడ్ అను కన్యానామము గల యీమె 1847 వ సంవత్సరము అక్టోబరు 1 వ తేదీన లండను నగరమున జన్మించిరి. ఐదేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. తల్లి చేత ధనము లేదు. హారో పట్టణమున పాఠశాల విద్యార్థులకు భోజనవసతి గృహమును నడపి కుటుంబమును పోషించుచుండెను. అప్పుడు ఎలెన్ మెరియట్ అను నొక అవివాహిత ఆ బాలికను తన యింట నుంచుకొని చదువు చెప్పించెదనని అడుగగా తల్లి సమ్మతించెను. మెరియట్ గారు ఆమెకు శ్రద్ధతో విద్య గఱపి, ఫ్రాన్సు, జర్మనీ దేశములకు వెంటగొని పోయిరి. తల్లిని ఎడబాసిన దుఃఖమును, పరుల యింట దొరకిన విద్యాలాభమును ఆమె చిన్ననాడే యెఱిగిరి.

1867 లో ఫ్రాంక్ బిసెంటు అను క్రైస్తవ గురువును ఆమె వివాహమాడిరి. డిగ్బీ అను కుమారుడును, మేబెల్ అను కుమార్తెయు కలిగిరి. దంపతులకు స్వభావములు పొసగలేదు. ఆమెకు మతవిశ్వాసము సడలిపోయెను. 1873 లో వారు వేఱుపడిరి. కుమారుడు తండ్రికడను, కుమార్తె తల్లికడను ఉండునట్లు ఒడంబడిక జరిగెను. పిమ్మట ఆమె చార్లెస్ బ్రాడ్లాగారితో గూడి 1877 లో సంతాన నియమమును గూర్చిన యొక పుస్తకమును ప్రకటించి అభియోగమునకు లోనైరి. ఆ పుస్తకమును, ఆమె నాస్తికతను కారణములుగ జేసికొని, 1878 లో లండను న్యాయస్థానము ఎనిమిదేండ్లు నిండని మేబెలును తల్లినుండి తీసి తండ్రికి ఇప్పించెను. తన పక్షమున తానే నిలిచి వాదించియు ఆ తల్లి ఓడిపోయిరి. పిల్లలిద్దరును పెరిగి పెద్దవారైన తరువాత తమంతట తామే తల్లిని చేరుకొనిరి.

ఆ దుఃఖము ఆమెను క్రుంగదీయలేదు. 1888 లో లండనులోని అగ్గిపుల్లల కర్మాగారమున బాలికలు సమ్మెకట్టినపుడు వారికి అండగ నిలిచిరి. 1889 లో దివ్యజ్ఞాన సమాజమున చేరిరి. 1893 లో భారతదేశమునకు వచ్చి, 1898 లో కాశియందు సెంట్రల్ హిందూ కళాశాలను స్థాపించిరి. 1907 లో ఆ సమాజమునకు అధ్యక్షురాలై, చెన్నపట్టణపు అడయారున నివాసమేర్పఱచుకొనిరి.

ఇక మదనపల్లె బాలుర సంగతి. జిడ్డు నారాయణయ్యగారు రెవిన్యూ శాఖలో పనిచేసి తహశీలుదారుగా విరమించిన తెలుగు బ్రాహ్మణుడు. ఆయన కుమారుడు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించెను. తమ్ముడు నిత్యానందుడు 1898 లో జన్మించెను. తల్లి సంజీవమ్మగారు 1905 లో కడపయందు మరణించిరి. 1909 ఆరంభమున నారాయణయ్యగారు నలుగురు కుమారులతో అడయారు చేరి సమాజపు పనిలో కుదిరిరి. సౌకర్యము లేని యిల్లు, తల్లిలేని పిల్లలు. కృష్ణమూర్తి బడిలో మందబుద్ధియని దెబ్బలు తినుచుండెను. సమాజ ప్రముఖుడగు లెడ్‌బీటరు ఆ బాలుని చూచి, ఇతడు లోకగురువు కాదగినవాడని నిశ్చయించెను. బిసెంటమ్మగారు దానిని విశ్వసించి సోదరులిద్దరిని దగ్గఱకు తీసికొనిరి. 1910 మార్చి 6 వ తేదీన తండ్రి ఆమెను వారికి సంరక్షకురాలిగ నియమించుచు పత్రము వ్రాసియిచ్చెను. బిడ్డలకు ఇంగ్లండులో ఉన్నతవిద్య లభించుననుట ఆయన ఆశ.

1911 లో ఆమె బాలురిద్దరితో బొంబాయి రేవున ఓడనెక్కి ఇంగ్లండునకు పోయి, ఆ యేడే తిరిగి వచ్చిరి. ఇంతలో తండ్రి మనస్సు కలతపడెను. బిడ్డలకు జరుగుచున్న దైవపూజవంటి మర్యాదలు ఆయనకు సరిపడలేదు. లెడ్‌బీటరు సహవాసము వారికి కూడదని పట్టుబట్టెను. 1912 ఆరంభమున ఆమె బాలురను మరల ఇంగ్లండునకు కొనిపోయి అచటనే యుంచిరి. తండ్రి తన పత్రమును రద్దుచేసికొని, బిడ్డలను తనకు ఇప్పింపుమని ఆ యేటి అక్టోబరులో చెంగల్పట్టు జిల్లా కోర్టున దావా వేసెను. అది మద్రాసు హైకోర్టునకు మార్చబడెను. తండ్రి పక్షమున సి. పి. రామస్వామయ్యరుగారు వాదించిరి. బిసెంటమ్మగారు ముప్పదియైదేండ్ల క్రిందట కుమార్తెకై నిలిచినట్లే ఈ మాఱును తానే నిలిచి వాదించిరి.

1913 ఏప్రిలు 15 వ తేదీన న్యాయమూర్తి బేక్‌వెల్ గారు తీర్పు చెప్పిరి. తండ్రి చేసిన నేరారోపణలు రుజువు కాలేదనియు, ఐనను బాలురను ఆయనకు అప్పగింపవలసినదే యనియు నిర్ణయించిరి. అప్పీలులోను ఆమె ఓడిపోయిరి. అంతట లండనులోని ప్రివీ కౌన్సిలునకు విన్నవించుకొనిరి. 1914 మే 25 వ తేదీన అచట తీర్పు ఆమెకు అనుకూలమయ్యెను.

ఆ తీర్పులోని అంశములు మన తలిదండ్రులు తెలిసికొనదగినవి. సంరక్షకత్వము పవిత్రమైన నిక్షేపమువంటిదనియు, తండ్రి తాను జీవించియుండగా దానిని మరల రాకుండునట్లు పరులకు ధారపోయజాలడనియు న్యాయాధిపతులు చెప్పిరి. అనగా నారాయణయ్యగారి పత్రము ఆయన నోటికి తాళము వేయలేదు. కాని ఆ పత్రమును నమ్మి బిడ్డలు క్రొత్త జీవితమునకు అలవాటుపడి యుండినచో, దానిని చెఱచుట వారికి మేలగునా యని కోర్టు విచారింపవచ్చును. బాలురు ఇంగ్లండున నుండగా చెంగల్పట్టు కోర్టున వేసిన దావా చెల్లదు. అచటి హైకోర్టునే ఆశ్రయింపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ వ్యాజ్యమున బాలుర పక్షమున ఎవరును లేకుండుటయు, వారి కోరికయేమో విచారింపబడకుండుటయు పెద్దలోపమని తేలుట. రెండేండ్లు పెద్దలు వాదించుకొనిరి. ఎవరినిగూర్చి వాదము జరిగెనో వారి మాట మాత్రము కోర్టున వినబడలేదు.

ఈ తీర్పుతో తండ్రి గుండె చల్లబడలేదని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ యేడే ఐరోపాలో మహాయుద్ధము పొడసూపెను. సోదరులు తిరిగి భారతభూమిని మెట్టినది 1921 చివరనే. దాదాపు పదియేండ్ల యెడబాటు! తహశీలుదారుగా ఎన్నియో అర్జీలను చూచిన యాయన తన బిడ్డలను గూర్చి పెట్టుకొన్న అర్జీ ఫలింపక వృద్ధుడయ్యెను. నిత్యానందుడు 1925 లో అమెరికాలోని ఓహాయియందు క్షయవ్యాధితో కన్నుమూసెను.

బిసెంటమ్మగారు 1916 లో స్వపరిపాలనోద్యమమును నడపి, 1917 లో ఉదకమండలమున నిర్బంధింపబడి, ఆ సంవత్సరాంతమున కలకత్తా కాంగ్రెసునకు అధ్యక్షత వహించిరి. 1915 లో మదనపల్లెలో వెలసిన దివ్యజ్ఞాన కళాశాల నేటికిని ఆమె పేరుతోనే యున్నది. 1929 ఆగస్టు 3 వ తేదీన హాలండులోని ఓమెన్ గ్రామమున కృష్ణమూర్తి తనకై ఏర్పఱచిన సంఘమును రద్దుచేసి, గురుపీఠమును త్యజించెను. ఆమె యిరువది యేండ్ల ఆశ ఒక్కనాట కూలెను. ఐనను అతనియందలి వాత్సల్యమును ఆమె విడువలేదు. 1933 సెప్టెంబరు 20 వ తేదీన అడయారున పరమపదించిరి. మదనపల్లె చెంత ఋషివ్యాలీ పాఠశాలకు మూలపురుషుడైన కృష్ణమూర్తి 1986 లో ఓహాయియందు గతించెను.

ఆ కాలమున ఒక చీటితో బిడ్డను ఓడనెక్కించుట సాధ్యమయ్యెను. నేడట్లు కాదు. చిరకాలము విదేశీయులు 1890 నాటి సంరక్షకుల చట్టము క్రింద అనుమతి పొంది, మన బిడ్డలను తమ దేశమునకు కొనిపోయి అచట దత్తత ముగించుకొనుచుండిరి. 1984 లో సుప్రీము కోర్టు లక్ష్మీకాంత పాండే వ్యాజ్యమున దీనికి కట్టుబాట్లు విధించెను. 1993 నాటి హేగు ఒడంబడికను భారతదేశము 2003 లో అంగీకరించెను. 2015 నాటి చట్టము ప్రకారము కేంద్ర దత్తత సంస్థయగు కారా సమ్మతి లేనిదే బిడ్డ దేశము దాటరాదు. 2022 నుండి దత్తత ఉత్తర్వును జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చుచున్నారు. అంతకుముందు బిడ్డ వయస్సును, తెలివిని బట్టి వాని యిష్టమును గమనింపవలెనని చట్టమున స్పష్టముగ నున్నది.

చదువరులారా, ఈ కథలో దుష్టులెవరని వెదకుట మా యుద్దేశము కాదు. బిడ్డల మేలుకోరియే తండ్రి వారిని ఇచ్చెను. మేలుకోరియే ఆమె పుచ్చుకొనెను. మేబెలును తీసికొన్న న్యాయాధిపతియు ఆమె మేలునే తలంచెను. కాని బిడ్డను పిలిచి, నీ మనసేమి యని అడుగుట అందరును మఱచిరి. బిడ్డను దత్తతకిచ్చువారును, చుట్టముల యింట చదువునకుంచువారును, దూరపు వసతిగృహమునకు పంపువారును మొదట వాని మాట వినవలెను. బాలురును తమ మనసులోని భయమును, కోరికను తలిదండ్రులకు దాచక వినయముతో తెలుపవలెను. ఇది మన యిండ్లలో ఆచారమైనచో, మదనపల్లె బాలుర కథ మనకు మేలు చేసినదని సంతసింతుము.